బేస్ గిటార్ పూతకు నలభై ఏళ్ళ వయసు తెప్పించడం

పదేళ్ళుగా వాడుతున్న ఉదయగిరి చెక్క తెడ్డు ఇంట్లో ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పట్టుకునే చోట నల్లబడి, నూనె తాగి, నున్నగా మెరుస్తుంటుంది. గిన్నె అడుగును గీకే కొస ఒక పక్కకే అరిగి ఉంటుంది, తిప్పే చెయ్యి ఎప్పుడూ ఒకటే కాబట్టి. కాడ మధ్యలో ఏ వేలూ తగలని చోట మాత్రం చెక్క ఇంకా కొత్తగానే ఉంటుంది. బేస్ గిటార్‌కు వయసు వచ్చేదీ ఇలాగే. చెయ్యి తగిలిన చోట అరుగుదల, చెమట పట్టిన చోట మరక, ఎండ సోకిన చోట రంగు మార్పు, దెబ్బ తగిలే అంచుల్లో పెచ్చులు. ఈ నాలుగూ ఎక్కడెక్కడ పడతాయో ఆలోచించకుండా సాండ్ పేపర్ పట్టుకుంటే గిటారు పాడవుతుందే గాని పాతబడదు.

కొత్త గిటారును పాతదానిలా కనపడేలా చేసే ఈ పనిని రెలిక్ చేయడం అంటారు. గిటార్ల కంపెనీ ఫెండర్ వాళ్ళ కస్టమ్ షాపు 1995లో ఇలా కావాలని అరగదీసిన గిటార్లను బయటికి తెచ్చినప్పటి నుంచి ఇదొక పెద్ద బేరమైంది. నిగనిగలాడే గిటారు కన్నా పెచ్చులు లేచినదానికి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళు ఉన్నారు. నెల్లూరు ఆటోనగర్‌లో ఏ పెయింటింగ్ షెడ్డుకు వెళ్ళి ఈ పని చెప్పినా ‘ఏంది సామీ, మంచిదాన్ని చెడగొట్టమంటా ఉండావా’ అనే అంటారు. అందుకే ఇది ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిన పని. చర్చి బ్యాండ్లలో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో తిరిగే తక్కువ ధర బేసు మీద మొదలుపెట్టండి. నిజంగానే 1960లు, 70ల నాటి గిటారు చేతికొస్తే దాన్ని మాత్రం ముట్టుకోకండి. దాని మీద ఉన్న అసలు పూతే దాని విలువ. చేసిన పాతదనాన్ని అసలు పాతదని అమ్మితే అది మోసం.

పూత ఏదో ముందు తేల్చండి

అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. 1950లు, 60ల నాటి గిటార్ల మీద ఉండేది ఎక్కువగా నైట్రోసెల్యులోజ్ లక్క. మన ఫర్నిచర్ వాళ్ళు ఎన్.సి. అనేది, పాత కారు పెయింటర్లు డ్యూకో అనేది దీని జాతే. ఇది పల్చగా ఉంటుంది, ఎండకు పసుపెక్కుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ బిరుసెక్కి సన్నగా పగుళ్ళు తీస్తుంది. ఈ రోజు దుకాణంలో దొరికే గిటార్లలో చాలావాటి మీద ఉండేది పాలియురెథేన్, లేదా పాలియెస్టర్. ఇవి ప్లాస్టిక్ తొడుగు లాంటివి. పగుళ్ళు తీయవు, అంత తేలిగ్గా అరగవు, దెబ్బ తగిలితే పింగాణీ కప్పులాగా పెచ్చుగా ఎగిరిపోతాయి.

పరీక్ష చాలా తేలిక. పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు బిగించే పలక) విప్పి, దాని కింద కనపడని చోట ఎన్.సి. థిన్నర్‌లో ముంచిన చెవి పుల్లను అర నిమిషం అదిమి పెట్టండి. థిన్నర్ దొరక్కపోతే అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ చాలు. పూత మెత్తబడి జిగురుగా మారి పుల్లకు రంగు అంటితే అది లక్క. ఏమీ కాకుండా గాజులాగా అలాగే ఉంటే పాలి, అంటే పాలియురెథేన్ లేదా పాలియెస్టర్. బాడీ మీద స్టిక్కర్ ఉన్నా, అమ్మేవాళ్ళు ఏం చెప్పినా, చెవి పుల్ల చెప్పిందే నమ్మండి.

పాలి అని తేలితే మూడు దారులు. ఒకటి, ఉన్న పూత మీదే అరుగుదల, పెచ్చులు మాత్రం చేసి పగుళ్ళ మీద ఆశ వదులుకోవడం. రెండు, పాలిని 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్ది, దాని మీద పల్చగా ఎన్.సి. రంగు, క్లియర్ (రంగు లేని పై పూత) కొట్టడం. అప్పుడు పగుళ్ళు పై పొర వరకు వస్తాయి. కింద గట్టి పొర వేసి పైన మాత్రం లక్క కొట్టడం పేరున్న కంపెనీలూ చేసిందే. మూడు, హీట్ గన్‌తో మొత్తం లేపేసి చెక్క మీద నుంచి మొదలుపెట్టడం. దీనిలో కష్టం ఎక్కువ. హీట్ గన్‌ను ఒకే చోట ఆపితే చెక్క మాడుతుంది, పాలి పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, గీకేటప్పుడు బ్లేడు చెక్కలోకి దిగితే ఆ గంటు లప్పంతో నింపినా తర్వాత అరగదీసిన చోట బయటపడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకు రెండో దారే మంచిది.

కొత్తగా కొట్టే లక్క విషయంలో ఒక్కటే సూత్రం: పల్చన. రెండు పూతలు రంగు, మూడు నాలుగు పూతలు క్లియర్, అన్నీ ఆరాక మొత్తం మందం పుస్తకం కాగితమంత, అంటే మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు. పూతకూ పూతకూ మధ్య గంటన్నర, రెండు గంటలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు, గాలిలో తేమ. ఆ రోజుల్లో లక్క కొడితే థిన్నర్ ఆవిరవుతూ పూతను చల్లబరచి గాలిలోని తేమను దాని మీదికి లాగుతుంది, పొగమంచు పట్టినట్టు తెల్లబడుతుంది. అలా అయితే కంగారుపడి పేపర్ పెట్టకండి. పొడి ఎండ కాసిన రోజు ఉత్త థిన్నర్‌ను ఒక పల్చని పూతగా కొడితే చాలావరకు తేలిపోతుంది. కొట్టిన తర్వాత నెల రోజులు గాలి ఆడే గదిలో వేలాడదీయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన రాకుండా ఉంటేనే ఆరినట్టు. ఆరని లక్క రబ్బరులా సాగుతుంది, దానికి పగుళ్ళు రావు.

విప్పడం

తీగలను నాలుగూ కొద్దికొద్దిగా వదులు చేసి తీసేయండి. తీగలు బిగువుగా ఉండగా నెక్ (గిటారు మెడ) స్క్రూలు విప్పితే ఆఖరి స్క్రూ దగ్గర నెక్ ఒక్కసారిగా లాగి, అది కూర్చునే పాకెట్ అంచు విరిగిపోతుంది. వైర్లు విప్పే ముందు ఫోన్‌తో మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) కింద నుంచి కంట్రోల్స్ ఉన్న గూట్లోకి ఒక సన్నని వైరు పోతుంది, అది ఎర్త్. దాన్ని తెంపకుండా టేపుతో గూటి లోపలికి అంటించండి. పికప్‌లు (తీగల కదలికను పట్టే అయస్కాంతాలు), పాట్‌లు (శబ్దం పెంచి తగ్గించే కంట్రోల్స్), కేబుల్ గుచ్చే జాక్ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో వేసి మూతి బిగించి వేరే గదిలో పెట్టండి. పికప్ లోపలి రాగి తీగ వెంట్రుకంత సన్నం, యాసిడ్ ఆవిరి తగిలితే అది తెగుతుంది. స్టీల్ ఊల్ (సన్నని ఇనుప పీచు) రజను తగిలితే అయస్కాంతానికి అతుక్కుని ఎన్నటికీ వదలదు.

స్క్రూ రంధ్రాలన్నిటిలో కొవ్వొత్తి మైనం గట్టిగా రుద్ది మూసేయండి. ఇది చాలామంది మరిచిపోతారు. నీళ్ళతో రుద్దేటప్పుడు ఒక్క చుక్క రంధ్రంలోకి దిగినా చెక్క ఉబ్బి, రంధ్రం చుట్టూ పూత పువ్వులాగా లేస్తుంది.

ఎక్కడ అరగాలో గిటారునే చెప్పనివ్వండి

విప్పకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది. బాడీ అంతా పల్చగా టాల్కం పౌడర్ అద్ది, మామూలుగా వేసుకునే చొక్కాతోనే స్ట్రాప్ (భుజం పట్టీ) తగిలించుకుని అరగంట నిలబడి వాయించండి. కాసేపు కూర్చుని కూడా. తర్వాత నెమ్మదిగా తీసి చూస్తే పౌడరు పోయిన చోట్లే మీ అరుగుదల పటం. దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

దాదాపు అందరికీ వచ్చే చోట్లు ఇవి. కుడి ముంజేయి ఆనే పై వంపు. బొటనవేలు ఆనే పికప్ పక్కన రెండు వేళ్ళ వెడల్పు. వెనక వైపు, నడుముకు తగిలే చోట బెల్టు బకిల్ గీతలు. ఆంప్‌కు (శబ్దం పెంచే స్పీకరు పెట్టెకు) ఆనించి నిలబెట్టినప్పుడు నేలకు తగిలే కింది అంచు. స్ట్రాప్ బటన్ల చుట్టూ. నెక్ చివర తీగలు బిగించే హెడ్‌స్టాక్ కొస, ఇరుకు స్టేజీల మీద అది తగలని స్టాండూ గోడా ఉండదు కాబట్టి. ఎడమచేతి వాటం వాళ్ళది అటుదిటు. లుంగీ మీద వాయించేవాళ్ళకు వెనక బకిల్ గీతలు పడవు, కానీ కడుపు దగ్గర పెద్ద మెరుపు మచ్చ పడుతుంది. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలఘర్ వాయించిన 1961 ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద సన్‌బర్స్ట్ రంగు ఎక్కువ భాగం పోయి చెక్క బయటపడింది. ఆ ఫోటోలు పెద్దవి చేసి చూస్తే అరుగుదల అంచులు ఎలా చిక్కబడుతూ పల్చబడతాయో బాగా తెలుస్తుంది.

పిక్‌గార్డ్ కింద మాత్రం ఏమీ చేయకండి. పాత గిటారు పిక్‌గార్డ్ విప్పితే లోపల అసలు రంగు తాజాగా ఉంటుంది. తెలిసినవాళ్ళు మొదట చూసేది అక్కడే.

మెరుపు తగ్గించడం, పసుపు తేవడం

చీమకుర్తి గ్రానైటు పలకకు మెరుపు తెచ్చేటప్పుడు ముతక నుంచి సన్నానికి పోతారు. ఇక్కడ దాన్ని తిరగేయాలి, అదీ సగం దాకే. 2000 నంబరు వాటర్ పేపర్‌ను పావుగంట నీళ్ళలో నానబెట్టి, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, బాడీ అంతా తేలికగా ఒక చుట్టు. ఆరాక చూస్తే అంతా ఒకే రకంగా మసకబారి ఉంటుంది. ఇక్కడే ఆపేస్తే బోర్డుకు పూసిన మ్యాట్ పెయింటులా ఉంటుంది. పాత గిటారు అంతటా మసకగా ఉండదు. చొక్కా, ముంజేయి రాసుకునే చోట మళ్ళీ మెరుస్తుంది, మూలల్లో, కొమ్ముల లోపలి వంపుల్లో మసకగా మిగిలిపోతుంది. కాబట్టి పౌడరు పోయిన చోట్లు మాత్రం పాత బనియన్ గుడ్డతో, కారు రబ్బింగ్ కాంపౌండ్ బఠానీ గింజంత తీసుకుని, చేత్తో రుద్ది మెరుపు తెప్పించండి. మెషీన్ వద్దు. అంచుల మీద మెషీన్ రెండు సెకన్లలో రంగు దాటి చెక్కకు పోతుంది.

పసుపు కావాలంటే రెండు మార్గాలు. ఆఖరి క్లియర్ పూతలో అంబర్ రంగు డై చుక్కలుగా కలపడం మొదటిది. 100 మి.లీ. క్లియర్‌కు మూడు చుక్కలతో మొదలుపెట్టి తెల్ల కాగితం మీద కొట్టి చూసుకోండి. తెలుపు మీద వెన్న రంగు వస్తుంది, నీలం మీద ఆకుపచ్చ ఛాయ వస్తుంది. రెండోది ఎండ. లక్క పూత ఎండకు తనంతట తానే పసుపెక్కుతుంది. పిక్‌గార్డ్ బిగించి మిద్దె మీద పెడితే దాని నీడ కింద అసలు రంగు మిగులుతుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాక నెల్లూరు మిద్దె మీద ఏదీ పెట్టకండి. నల్ల బాడీ 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. బాడీ అంటే రెండు మూడు ముక్కలు జిగురుతో అతికినదే. ఆ వేడికి జిగురు మెత్తబడి అతుకు గీత పైకి తేలుతుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, రోజూ తిప్పుతూ, మూడు నాలుగు వారాలు. పాలి పూతకు ఇది పెద్దగా పనిచేయదు.

పగుళ్ళు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. లక్క పగిలేది మాత్రం చలికే. చల్లబడినప్పుడు లక్క చెక్క కన్నా ఎక్కువగా ముడుచుకోవాలని చూస్తుంది. చెక్క తన నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కొంచెం కదులుతుంది. అందుకని లక్క మీద లాగుడు నార పొడవునే ఎక్కువ, పగులు దానికి అడ్డంగా వస్తుంది. అంటే తీగలకు అడ్డంగా, బాడీ ఈ పక్క నుంచి ఆ పక్కకు. బ్లేడుతో గీతలు గీసేవాళ్ళు తీగల వెంబడి గీసి ఇక్కడే దొరికిపోతారు.

మొదట అదే పూత కొట్టిన చెక్క ముక్క మీద చేసి చూసుకోండి. ఈ మధ్య వచ్చే కొన్ని ఎన్.సి. క్లియర్‌లలో పూత పగలకుండా మెత్తబరిచే పదార్థం కలుపుతున్నారు. అలాంటిది ఎంత చలికీ పగలదు. ముక్క పగలకపోతే బాడీ కూడా పగలదు, క్లియర్ మార్చుకోవాలి.

హెయిర్ డ్రయర్‌తో బాడీని 40, 45 డిగ్రీల దాకా, చెయ్యి ఆనిస్తే గోరువెచ్చని కన్నా కాస్త ఎక్కువ అనిపించేదాకా, నిదానంగా వేడి చేయండి. డ్రయర్ ఆపి, ప్లగ్ తీసి దూరంగా పెట్టండి. కంప్యూటర్ల దుకాణంలో దొరికే ఎయిర్ డస్టర్ డబ్బాను తలకిందులుగా పట్టి, 10 సెం.మీ. దూరం నుంచి ఒక చారగా రెండు మూడు సెకన్లు కొట్టండి. తెల్లగా మంచు పడుతుంది, చెవి పెడితే ‘టిక్ టిక్’మని సన్నని చప్పుడు వినపడుతుంది. మంచు కరిగాక పక్కన ఇంకో చార. ఆ డబ్బాల్లో చాలావాటిలో ఉండే గ్యాసు మండుతుంది, కాబట్టి దగ్గరలో సిగరెట్, స్టవ్, వేడి డ్రయర్ ఏదీ ఉండకూడదు. చేతులకు మందపాటి గ్లౌజులు, ఆ ద్రవం చర్మం మీద పడితే కాలినట్టే పొక్కుతుంది.

డబ్బా బదులు పెట్టె ఫ్రీజర్ వాడొచ్చు. ఇంటి ఫ్రిజ్‌లోని చిన్న ఫ్రీజర్‌లో బేస్ బాడీ పట్టదు, ఐస్‌క్రీమ్ దుకాణాల్లో ఉండే పెద్ద పెట్టె కావాలి. రొయ్యల వ్యాపారం ఉన్న ఊళ్ళల్లో పెట్టె దొరకడం కష్టం కాదు గానీ, రొయ్యలు పెట్టిన దాంట్లో పెడితే గిటారుకు ఆ వాసన పోదు. వెచ్చచేసిన బాడీని ప్లాస్టిక్ కవర్‌లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల్లో గంటసేపు ఉంచి తీయండి. కవర్ విప్పకుండానే గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే మన ఉక్కకు చెమ్మ పట్టి పగుళ్ళలోకి దిగి, పూత చెక్కను వదిలి లేస్తుంది.

పగుళ్ళు వచ్చాక వెలుతురుకు వంచి చూస్తేనే కనపడతాయి. పాత గిటారులో కనపడేది పగులు కాదు, దాంట్లో చేరిన మురికి. చిక్కటి టీ డికాషన్‌లో గుడ్డ ముంచి పగుళ్ళకు అడ్డంగా రుద్ది, నిమిషంలోపే తడి గుడ్డతో పైపైన తుడిచేయండి. నల్ల రంగు వాడకండి, కార్టూన్‌లా ఉంటుంది. గోధుమ రంగు బూటు పాలిష్ బాగా కుదురుతుంది, కానీ దాని మైనం మీద ఇక ఏ లక్కా అంటదు. అందుకని పాలిష్ ఎప్పుడైనా ఆఖరి పనే.

అరుగుదల, పెచ్చులు

చేతి అరుగుదలకు 320, 400, 600 నంబర్లు ఆ వరసలో. పేపర్‌ను చెక్క దిమ్మకు కాకుండా మీ అరచేతికే ఆనించి, ముంజేయి కదిలే దిశలోనే రుద్దండి. గుండ్రంగా తిప్పొద్దు. సరిగ్గా వస్తే అరిగిన చోట వలయాలు కనపడాలి: బయట మసకబారిన క్లియర్, దాని లోపల పల్చబడిన రంగు, ఆ లోపల పసుపు ఛాయ సీలర్ (చెక్క మీద వేసే అడుగు పూత), మధ్యలో చెక్క. చెరువు నీరు తగ్గేటప్పుడు ఒడ్డున పడే గీతల్లా. ఆ వలయాలు ఒక్కొక్కటి అర సెంటీమీటరైనా వెడల్పు లేకపోతే పేపర్ మరీ గట్టిగా నొక్కారన్నమాట. పాలి మీద ఇది కష్టం, పూత మందం కాబట్టి అరుగు అంచు గట్టులా నిలబడుతుంది. అక్కడ 240తో నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున వాలుగా దించి, తర్వాత పై నంబర్లకు పోవాలి.

పెచ్చులకు సుత్తి పట్టకండి. సుత్తి దెబ్బ గుండ్రంగా, ఒకే కొలతగా పడుతుంది. తాళంచెవుల గుత్తి, స్క్రూడ్రైవర్ పిడి, కుర్చీ కాలు, నేల మీది కడప బండ అంచు, ఇవీ నిజంగా గిటారుకు తగిలేవి. కింది అంచును బండ అంచుకు పక్కవాటుగా తాకించండి. రెండు మూడు దెబ్బలు గుంపుగా, మళ్ళీ జానెడు దూరం ఖాళీ, మళ్ళీ ఒకటి. అన్ని మూలలకూ సమానంగా పంచితే చూడగానే తెలిసిపోతుంది. పెచ్చు ఎగిరిన అంచును గోరుతో గీకి వదులుగా ఉన్న ముక్కలు తీసేసి, 600తో ఒక్కసారి తాకించండి, నలభై ఏళ్ళ పెచ్చుకు పదునైన అంచు ఉండదు.

బకిల్ గీతలకు బెల్టునే వాడండి. బాడీని ఒళ్ళో బోర్లా పెట్టుకుని బకిల్‌తో రెండు మూడు సెంటీమీటర్ల పొట్టి వంకర గీతలు, ఒకదాని మీద ఒకటి. ఒక వంద గీతలకు గాని సహజంగా కనపడదు. పది గీతలు గీసి ఆపితే పిల్లి గీరినట్టుంటుంది.

బయటపడ్డ చెక్కకు రంగు

అప్పుడే పేపర్ పట్టిన చెక్క పాలలా తెల్లగా ఉంటుంది. చాలా రెలిక్ పనులు ఇక్కడే నవ్వులపాలవుతాయి. రెండు చెంచాల టీ పొడి 100 మి.లీ. నీళ్ళలో సగమయ్యేదాకా మరిగించి వడగట్టి, నాలుగు పూతలు, ప్రతిదీ ఆరాక.

ఇంకా బూడిద ఛాయ కావాలంటే కలంకారీ వాళ్ళ పద్ధతి ఉంది. శ్రీకాళహస్తిలో గుడ్డను ముందు కరక్కాయ రసంలో ముంచి, తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన కసిమితో గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి ఇచ్చే నలుపు అది. గిటారు చెక్కల్లో ఆల్డర్, బాస్‌వుడ్, మేపుల్‌లలో టానిన్ తక్కువ, కాబట్టి దాన్ని మనమే ఇవ్వాలి. పచారీ కొట్టులో దొరికే కరక్కాయ పెచ్చులు 10 గ్రాములు దంచి 100 మి.లీ. వేడి నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి పూయండి. వేరే సీసాలో 100 మి.లీ. వెనిగర్‌లో వేరుశనగ కాయంత స్టీల్ ఊల్ వేసి మూత వదులుగా పెట్టి ఐదు రోజులు ఉంచండి. గట్టిగా బిగిస్తే లోపల పుట్టే గ్యాసుకు సీసా పగులుతుంది. దాన్ని వడగట్టి పది వంతుల నీళ్ళు కలిపి, ఆరిన కరక్కాయ పూత మీద గుడ్డతో ఒక్కసారి తుడవండి. నలుపు వెంటనే రాదు, పది నిమిషాలు పడుతుంది. రాలేదని రెండోసారి పూస్తే సిరా ఒలికినట్టు నీలినలుపు అవుతుంది, మళ్ళీ పేపర్ పట్టడం తప్ప దారి లేదు. చెమట ఎక్కువగా పట్టే ముంజేయి చోటుకు మాత్రమే ఇది. బకిల్ గీతలకు టీ చాలు. పూర్తిగా ఆరాక అరచేత్తో గట్టిగా రుద్దండి, చేతి జిడ్డు పట్టాల్సిందే. చివరగా మైనం పాలిష్ ఒక పూత.

నెక్ వెనక పని దీనికన్నా తేలిక. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) నుంచి ఏడో ఫ్రెట్ దాకా బొటనవేలు తిరిగే చోట 400తో పూత తీసి, 600, తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు. ఉడికించిన అవిసె నూనె రెండు చుక్కలు రుద్ది తుడిచేయండి. నూనె తుడిచిన గుడ్డను ఉండగా చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి ఆ గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నీళ్ళలో తడిపి, విప్పి ఆరేయాలి. ఫ్రెట్ల వైపు, నెక్ వంపు సర్దే ట్రస్ రాడ్ వైపు పోవద్దు.

ఇనుప సామాను

బాడీకి నలభై ఏళ్ళు వచ్చి బ్రిడ్జి నిగనిగలాడితే బాగుండదు. స్క్రూలకు 100 మి.లీ. వెనిగర్, ఒక చెంచా ఉప్పు, రాత్రంతా. పొద్దున తీసి తడిగానే గాలికి వదిలితే మధ్యాహ్నానికి తుప్పు లేస్తుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఇల్లున్నవాళ్ళకు వెనిగర్ కూడా అక్కర్లేదు, ఉప్పునీళ్ళు చిలకరించి కిటికీలో పెడితే పది రోజుల్లో సముద్రపు గాలే చేసిపెడుతుంది.

బ్రిడ్జి, ట్యూనర్ల (తీగలను బిగించే మరల) పై మెరుపు పోవాలంటే యాసిడ్ ఆవిరి కావాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ కొనాలంటే 2013 సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత గుర్తింపు కార్డు చూపించాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున చిన్న గాజు గిన్నెలో 30 మి.లీ. యాసిడ్ పోసి, పక్కన ఇటుక ముక్క పెట్టి దాని మీద సామాను పెట్టండి. లోహానికి ఆవిరి మాత్రమే తగలాలి. మూత పెట్టి, ఆరుబయట, గాలి మీ నుంచి అటు పోయేలా. ప్రతి పావుగంటకూ చూడండి. నికెల్ పూత రెండు మూడు గంటల్లో మసకబారుతుంది. క్రోమ్ పూత పైకి మొండిగా కనపడుతుంది, కానీ ఒకసారి పట్టు తప్పితే పెచ్చులుగా లేస్తుంది, దాన్ని వదిలి పోకండి. ట్యూనర్ల పళ్ళచక్రాలకు ముందే గ్రీజు పూసి టేపు చుట్టాలి, లేకపోతే తర్వాత తిరగవు. బ్రిడ్జి ఎత్తు సర్దే చిన్న మరలను విప్పి విడిగా పెట్టండి.

కళ్ళద్దాలు, రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. బ్లీచింగ్ పౌడర్ లేదా బ్లీచ్ ఉన్న బాత్రూమ్‌లో ఈ పని పెట్టుకోకండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. బండి, ఏసీ బయటి యూనిట్, పనిముట్ల పెట్టె దగ్గరలో లేకుండా చూసుకోండి, ఆవిరికి అవి కూడా ఓ పదేళ్ళు ముసలివవుతాయి. తీసిన సామానును లీటరు నీళ్ళకు రెండు చెంచాల వంట సోడా కలిపి, బుడగలు ఆగేదాకా ముంచి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, కుట్టు మిషను నూనె రాయండి. సోడాలో ముంచకపోతే తుప్పు ఆగదు, నెల తిరిగేసరికి మర బిగుసుకుపోతుంది.

బిగించేటప్పుడు

రంధ్రాల్లో మైనం కొంచెం మిగిలి ఉంటే మంచిదే, స్క్రూ సాఫీగా దిగుతుంది. తుప్పు పట్టిన స్క్రూను పాత రంధ్రంలో పెట్టి ముందు ఎడమవైపు తిప్పండి. ‘టక్’మని పాత మరలో కూర్చున్నాక కుడివైపు తిప్పాలి, లేకపోతే కొత్త మర పడి రంధ్రం వదులైపోతుంది. బ్రిడ్జి అడుగున ఎర్త్ వైరు ఆనే చోట మాత్రం యాసిడ్ మసకను 400తో గీకి లోహం తేల్చండి. ఆ మసక కరెంటును సరిగా పోనివ్వదు. బిగించి, తీగలు ఎక్కించి, ఆంప్ పెట్టి వినండి. తీగ మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గి, తీస్తే పెరిగితే వైరు సరిగ్గా ఆనినట్టు. చెయ్యి వేసినా హమ్ తగ్గకపోతే మళ్ళీ బ్రిడ్జి విప్పి ఆ చోటే చూడండి.